గళ్లుప్పును ఏ గడిలో పెట్టాలి? పదార్థాలను వర్గీకరించే పద్ధతి, మెట్టు మెట్టుగా

ఒడిశాలోని బ్రహ్మపురంలో మా ఇంటికి సాయంత్రం ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లో సగం మందిది ఒడియా మీడియం, సగం మందిది ఇంగ్లిష్ మీడియం. ఇంట్లో మాత్రం అందరిదీ తెలుగే. దాంతో రసాయన శాస్త్రం మొదటి పాఠంలోనే తికమక మొదలవుతుంది. ఒకడు మౌళిక, జౌగిక, మిశ్రణ అంటాడు. పక్కవాడు ఎలిమెంట్, కాంపౌండ్, మిక్స్చర్ అంటాడు. సెలవులకి శ్రీకాకుళం నుంచి వచ్చిన మేనమామ కూతురి పుస్తకంలో మూలకం, సమ్మేళనం, మిశ్రమం అని ఉంటుంది. మూడు వరుసలూ ఒకటేనని చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు చాలు. చేతిలో ఉన్న వస్తువు వాటిలో ఏదో తేల్చడం నేర్పడానికి మాత్రం రెండు వారాలు పడుతుంది.

పోయిన ఏడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకర్తి వంటింట్లోని పది వస్తువులతో పట్టిక రాసుకొచ్చింది. గళ్లుప్పు ఎదురుగా ‘జౌగిక’ అని ఉంది. దానికి సున్నా చుట్టి ప్రశ్న గుర్తు పెట్టాను.

“ఏటి మాస్టారూ, సోడియం క్లోరైడ్ జౌగికమని పుస్తకంలోనే ఉంది కదా!”

“పుస్తకంలో ఉన్నది సోడియం క్లోరైడ్ అమ్మా. మీ జాడీలో ఉన్నది గళ్లుప్పు.”

వర్గీకరణలో జరిగే తప్పుల్లో చాలావరకు ఇదే బాపతు. పేరు చూసి గడిలో పెట్టేస్తాం, వస్తువును చూడం. కింద చెప్పే పద్ధతిలో నిర్వచనాలు బట్టీ పట్టే పని లేదు. కొన్ని ప్రశ్నలున్నాయి, వాటిని వరుస తప్పకుండా అడగాలి. వరుస తప్పితే జవాబూ తప్పుతుంది.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి: రెండు గాజు గ్లాసులు, ఫోన్ టార్చి, పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం, నాలుగు మడతలు వేసిన తెల్లటి నూలు గుడ్డ, ఒక స్టీలు పళ్లెం, పాడైనా ఫర్వాలేదనుకునే ఒక గరిటె.

మొదటి ప్రశ్న: ఇది అసలు పదార్థమేనా?

బరువు ఉండాలి, చోటు ఆక్రమించాలి. రెండూ ఉంటే పదార్థం. ట్యూబ్‌లైటు వెలుగు, మధ్యాహ్నపు ఎండ వేడి, ఊరేగింపులో డప్పుల మోత పదార్థాలు కావు. గాలి పదార్థమే. నమ్మకం లేకపోతే ఖాళీ గ్లాసును బోర్లించి నీళ్ల బకెట్లో నిటారుగా ముంచండి. గ్లాసు నిండా నీళ్లు ఎక్కవు, లోపల గాలి అడ్డం ఉంది కాబట్టి.

ఇక్కడ పిల్లలు నన్ను ఇరుకున పెట్టే ప్రశ్న ఒకటుంది. వాసన పదార్థమా? మా గంజాం జిల్లాలో వానాకాలంలో మొగలి పొదల పక్కనుంచి వెళితే పువ్వు కనబడకముందే వాసన తగులుతుంది. ముక్కుకి అందినవి పువ్వులోంచి ఆవిరైన నూనె అణువులు. అవి పదార్థమే. ‘బాగుంది’ అని మనకు కలిగే అనుభూతి మాత్రం పదార్థం కాదు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే రెండు ముక్కలూ రాయమంటాను.

ఘనమా, ద్రవమా, వాయువా అన్నది పక్కన పెట్టండి

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. పదార్థం ఏ స్థితిలో ఉందన్నది ఒక లెక్క, దేనితో తయారైందన్నది ఇంకో లెక్క. ఐసు ముక్క, నీళ్లు, ఆవిరి మూడు స్థితులే కానీ మూడూ ఒకే సమ్మేళనం. పాదరసం ద్రవమే అయినా మూలకం. కాబట్టి స్థితిని పట్టికలో విడిగా ఒక వరుసలో రాసుకుని ముందుకు వెళ్లండి. ఇసుక గ్లాసులో పోస్తే గ్లాసు ఆకారానికి సర్దుకుంటుంది కదా, ద్రవమేమో అని ఒకడికి అనుమానం వచ్చింది. ఒక్క రేణువును వేలి మీద పెట్టి చూడమన్నాను. ఏ గిన్నెలో వేసినా ఆ రేణువు ఆకారం మారదు.

రెండో ప్రశ్న: ఇందులో ఉన్నది ఒకటేనా, ఒకటికంటే ఎక్కువా?

అసలు పని ఇక్కడుంది. తొందరపడకండి.

ముందు ‘శుద్ధం’ అన్న మాట గురించి ఒక హెచ్చరిక. బజారులో స్వచ్ఛమైన నెయ్యి, స్వచ్ఛమైన తేనె, స్వచ్ఛమైన పాలు అంటే కల్తీ లేదని అర్థం. రసాయన శాస్త్రంలో శుద్ధ పదార్థం అంటే ఒకే రకం పదార్థం తప్ప ఇంకేమీ లేదని అర్థం. ఆ లెక్కన నెయ్యి, తేనె, పాలు మూడూ మిశ్రమాలే. నీళ్లు కలపని పాలలో కూడా నీరు ఉంది, కొవ్వు ఉంది, ప్రొటీన్ ఉంది, లాక్టోజ్ అనే చక్కెర ఉంది. ఆవు దగ్గరే నిలబడి పితికించుకున్నా అంతే.

ఒకటా, ఎక్కువా అని తేల్చడానికి మూడు పరీక్షలున్నాయి.

*వేరు చేయగలమా?* వస్తువు స్వభావం మార్చకుండా, అంటే జల్లించి, చెరిగి, వడకట్టి, ఎండబెట్టి, మరిగించి, అయస్కాంతం పెట్టి విడదీయగలిగితే అది మిశ్రమం. గళ్లుప్పు పేచీని మేం ఇలాగే తీర్చుకున్నాం. ఒక గ్లాసు వేడి నీళ్లలో రెండు చెంచాల గళ్లుప్పు వేసి కలిపాం. పావుగంట కదపకుండా వదిలేస్తే అడుగున బూడిద రంగు మడ్డి పలచగా పేరుకుంది. ఆ అమ్మాయి ముఖంలో సగం పట్టుదల అక్కడే తగ్గింది. పైనీళ్లను నాలుగు మడతల గుడ్డలో వడకట్టి, పళ్లెంలో పోసి మేడ మీద ఎండలో పెట్టాం. సాయంత్రానికి నీరు చాలావరకు ఇగిరిపోయి చిన్న చిన్న పలకలు తేలాయి. భూతద్దంలో చూస్తే అంచులు చదరంగా కనబడ్డాయి. పళ్లెం ఒక మూల మాత్రం నాలుగు చుక్కల నీళ్లు ఎంతకీ ఆరలేదు.

ఆ నాలుగు చుక్కలే ముఖ్యం. సముద్రపు నీళ్లలో కిలోకి సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అదంతా తిండి ఉప్పు కాదు. మా జిల్లాలో హుమ్మా దగ్గరి ఉప్పు మడుల్లాంటి చోట నీళ్లు ఎండుతున్నప్పుడు సున్నపురాయి జాతి లవణం, జిప్సం ముందు అడుగున పడతాయి. తర్వాత సోడియం క్లోరైడ్ పలకలు కడుతుంది. మెగ్నీషియం లవణాలు ఆఖరిదాకా నీళ్లలోనే ఉండిపోతాయి. వాటికి చేదు రుచి. చివర మిగిలిన ఆ చేదు నీళ్లను పారబోయకుండా మొత్తం ఎండిస్తే ఉప్పుకి చేదు అంటుకుంటుంది. శుద్ధి చేయని ఉప్పు వానాకాలంలో జాడీలో చెమ్మగిల్లేది కూడా ఎక్కువగా మెగ్నీషియం క్లోరైడ్ వల్లే. అది గాలిలోని తేమను లాగుతుంది.

అంటే జాడీలో ఉన్న గళ్లుప్పు మిశ్రమం. అందులో అత్యధిక భాగం సోడియం క్లోరైడ్ అనే సమ్మేళనం. ప్యాకెట్ ఉప్పు ఇంకా శుభ్రంగా ఉంటుంది కానీ అందులో అయొడిన్ కోసం పొటాషియం అయొడేట్ కలుపుతారు. మన దేశంలో నిబంధన ప్రకారం వాడేవాళ్ల చేతికి వచ్చేసరికి కనీసం 15 పీపీఎం అయొడిన్ ఉండాలి. పది లక్షల్లో పదిహేను వంతులైనా కలిసినది కలిసినదే. పరీక్షలో ‘సాధారణ ఉప్పు, సోడియం క్లోరైడ్’ అని అడిగితే సమ్మేళనం అని రాయండి. ‘సముద్రపు ఉప్పు నమూనా’ అంటే మిశ్రమం అని రాయండి.

*పాళ్లు మార్చగలమా?* చిల్కా సరస్సు ఇందుకు బాగా పనికొస్తుంది. వర్షాకాలంలో నదుల నీరు వచ్చి చేరితే సరస్సులో ఉప్పదనం తగ్గుతుంది, ఎండాకాలంలో పెరుగుతుంది. జూన్‌లోదీ చిల్కా నీరే, అక్టోబరులోదీ చిల్కా నీరే. పాళ్లు ఎలా ఉన్నా పేరు మారలేదు, కాబట్టి మిశ్రమం. అదే చిల్కాలోంచి వేరు చేసిన ఉత్త నీటిని చూడండి. బరువులో హైడ్రోజన్ 1 వంతు, ఆక్సిజన్ 8 వంతులు. రుషికుల్య నదిలోంచి తీసినా, ఐసు ఫ్యాక్టరీలోంచి తీసినా అంతే. సమ్మేళనంలో పాళ్లు స్థిరంగా ఉంటాయని 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి రసాయనవేత్త జోసెఫ్ ప్రౌస్ట్ వాదించాడు. అప్పట్లో దాని మీద పెద్ద చర్చే నడిచింది.

*కరిగే, మరిగే ఉష్ణోగ్రత స్థిరంగా ఉందా?* మామూలు వాతావరణ పీడనం దగ్గర శుద్ధమైన నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది, చివరి చుక్క దాకా అక్కడే ఉంటుంది. ఉప్పు నీళ్లు ఇంకాస్త పైన మరగడం మొదలై, నీరు ఇగిరేకొద్దీ ఇంకా పైకి పోతాయి. ఇంట్లో ఈ పరీక్ష కష్టం, బడి ల్యాబ్‌లో చేయండి.

వేరు చేయడం గురించి మా జిల్లాలోనే రెండు పెద్ద ఉదాహరణలున్నాయి. వాటిని వదిలేయడానికి నాకు మనసొప్పదు.

గోపాల్‌పూర్ బీచ్‌లో ఇసుక మీద నల్లటి చారలు చూసే ఉంటారు. ఆ ఇసుక పొడిగా ఉన్నప్పుడు స్పీకర్ అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి అందులో తిప్పండి. కొన్ని నల్ల రేణువులు అంటుకొస్తాయి. కాగితం లేకుండా తిప్పితే అవి వదలవు, నేను ఒక అయస్కాంతాన్ని అలాగే పాడుచేసుకున్నాను. ఇదే పనిని ఛత్రపురం దగ్గర ఐఆర్ఈఎల్ అనే ప్రభుత్వ ఖనిజ సంస్థ కర్మాగారంలో భారీ ఎత్తున చేస్తారు. మన సముద్రపు ఇసుకలో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, సిల్లిమనైట్, గార్నెట్, మోనజైట్ అనే ఖనిజాలు కలిసి ఉంటాయి. బరువైన రేణువులను నీటి ప్రవాహంలో తేలిక ఇసుక నుంచి విడదీస్తారు. విద్యుత్తు ప్రవహించే ఇల్మనైట్, రూటైల్ ఒక వైపు, ప్రవహించనివి ఇంకో వైపు. ఇల్మనైట్‌ని అయస్కాంతం లాగుతుంది, రూటైల్‌ని లాగదు. అలా ఆ రెండూ విడిపోతాయి. ఇంతవరకు రసాయన చర్య ఒక్కటీ జరగలేదు, కాబట్టి ఇసుక మిశ్రమం. ఇల్మనైట్‌లో ఇనుము, టైటానియం, ఆక్సిజన్ ఉన్నాయి. ఒక ఇల్మనైట్ రేణువును పట్టుకుని ఎంత నూరినా, ఎన్ని అయస్కాంతాలు పెట్టినా టైటానియం విడిగా రాదు. దానికి రసాయన చర్య కావాలి. మిశ్రమానికీ సమ్మేళనానికీ మధ్య గీత ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను ఆ రేణువునే చూపిస్తాను.

రెండోది మొగలి అత్తరు. పూలను నీళ్లతో పాటు రాగి డేగిసాలో వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. పువ్వులోని సువాసన నూనెలు నీటి ఆవిరితో పాటు వెదురు గొట్టం గుండా వెళ్లి, చల్లటి నీళ్లలో ఉంచిన ఇంకో పాత్రలో మళ్లీ ద్రవంగా మారతాయి. పుస్తకంలో స్వేదనం అని రెండు లైన్లలో ఉండే సంగతి ఇదే. అయితే ఇలా వచ్చిన ‘రూహ్’ (పూల నూనె సారం) సీసా మీద ప్యూర్ అని రాసి ఉన్నా అది శుద్ధ పదార్థం కాదు. అందులో ఎక్కువ భాగం ఫినైల్ ఈథైల్ మిథైల్ ఈథర్ అనే సమ్మేళనం. దానితో పాటు ఇంకా ఎన్నో ఉంటాయి.

మూడో ప్రశ్న: మిశ్రమమైతే అంతటా ఒకేలా ఉందా?

ఏ చెంచా తీసినా ఒకే పాళ్లలో ఉంటే సజాతీయం, చోటును బట్టి మారితే విజాతీయం. పంచదార నీళ్లు సజాతీయం, ఉప్మా విజాతీయం. దీనికి ఇంతకుమించి సాగదీయక్కర్లేదు.

ఘనపదార్థాలు కూడా సజాతీయ మిశ్రమాలు కాగలవు. మా జిల్లాలో బెళగుంఠ ఇత్తడి చేపలు పేరుమోసినవి, పట్టుకుంటే నిజం చేపలా ఒళ్లు విరుస్తాయి. ఆ ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. కంచు రాగి, తగరాల మిశ్రమం. మంగళసూత్రంలోని 22 క్యారెట్ల బంగారంలో బంగారం 91.6 శాతం, మిగతాది రాగి, వెండి లాంటివి. నగ మీద 916 అని వేసేది అందుకే.

చిక్కు వచ్చేది పాల దగ్గర. కంటికి అంతటా ఒకేలా ఉంటాయి. ఇక్కడ టార్చి కావాలి. ఒక గ్లాసులో ఉప్పు నీళ్లు, ఇంకో గ్లాసులో నీళ్లలో రెండు చుక్కల పాలు. గదిలో లైటు ఆర్పి, పక్కనుంచి ఫోన్ టార్చి వేయండి. ఉప్పు నీళ్లలో కాంతి దారి కనబడదు, పాల నీళ్లలో కాంతి దారి లేత తెలుపులో మెరుస్తుంది. పాలలోని కొవ్వు బొట్లు, ప్రొటీన్ కణాలు కాంతిని చెదరగొట్టేటంత పెద్దవి, అడుగుకి దిగిపోనంత చిన్నవి. దీన్ని టిండాల్ ప్రభావం అంటారు. కొరాపుట్ ఘాట్ రోడ్డులో తెల్లవారుజామున పొగమంచులో బస్సు హెడ్‌లైట్ వెలుగు పొడుగ్గా కనబడేదీ ఇందుకే.

ఇలాంటి వాటిని కొల్లాయిడ్‌లు అంటారు. తెలుగు పుస్తకాల్లో కాంజికాభం అని ఉంటుంది. పిల్లలు ఆ మాట చూసి హడలిపోతారు. కాంజికం అంటే గంజి, కాంజికాభం అంటే గంజిలాంటిది. అంతే. అన్నం వార్చిన గంజికి టార్చి వేసి చూడండి, పేరు పెట్టినవాళ్లు సరిగ్గానే పెట్టారని తెలుస్తుంది. కొల్లాయిడ్‌ని పుస్తకాలు విజాతీయ మిశ్రమాల కిందే లెక్కేస్తాయి, పిల్లలూ అలాగే రాయాలి. బురద నీళ్లలా కాసేపటికి మడ్డి దిగిపోయేవి అవలంబనాలు.

నాలుగో ప్రశ్న: మిశ్రమం కాకపోతే మూలకమా, సమ్మేళనమా?

రసాయన చర్యతో ఇంకా సరళమైన పదార్థాలుగా విడగొట్టగలిగితే సమ్మేళనం, లేకపోతే మూలకం.

ఇంట్లో చూపించడానికి పంచదారకి మించింది లేదు. పెద్దవాళ్లు పక్కన ఉండగా పాత గరిటెలో చెంచాడు పంచదార వేసి సన్న మంట మీద పట్టుకోండి. కరుగుతుంది, తేనె రంగుకి తిరుగుతుంది, పొగలు వస్తాయి, నురగ కట్టి నల్లగా మాడుతుంది. మధ్యలో చల్లటి స్టీలు మూతను పైన కాసేపు పట్టుకుంటే దాని మీద చెమ్మ పడుతుంది. నల్లగా మిగిలినది ఎక్కువగా కార్బన్, మూత మీద ఉన్నది ఎక్కువగా నీరు. తెల్లటి పంచదారలో బొగ్గు ఎక్కడ దాక్కుందని అడుగుతారు. దాక్కోలేదు. పంచదారలో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ ఒకదానితో ఒకటి కట్టుబడి ఉన్నాయి, ఆ కట్టు వేడికి తెగింది. అదే పంచదారను నీళ్లలో కలిపితే కట్టు తెగదు, నీరు ఇగిరాక పంచదార పంచదారలాగే తిరిగి వస్తుంది. కరగడం, మాడడం రెండూ ఒకే పూట చూపిస్తే ఈ పాఠం సగం అయిపోయినట్టే.

మూలకం అన్న గడి చాలాకాలం వివాదాల గడి. ఫ్రెంచి శాస్త్రవేత్త లావోసియే 1789లో 33 మూలకాల జాబితా అచ్చు వేశాడు. అందులో వెలుగు, వేడి కూడా ఉన్నాయి. మన మొదటి ప్రశ్ననే ఆయన వేసుకోలేదన్నమాట! సున్నాన్ని కూడా అందులో చేర్చాడు, ఎందుకంటే అప్పటికి దాన్ని ఎవరూ విడగొట్టలేకపోయారు. 1808లో హంఫ్రీ డేవీ విద్యుత్తు వాడి అందులోంచి కాల్షియం తీశాక సున్నం సమ్మేళనాల గడికి మారింది. ఇవాళ గుర్తించిన మూలకాలు 118.

మా దగ్గర ఒక్క వస్తువే గడులన్నీ తిరిగి వచ్చే దారి ఉంది. కొరాపుట్ జిల్లా పంచపట్మాలి కొండ మీద తవ్వే బాక్సైట్ రాయి మిశ్రమం. దామన్‌జోడిలో నాల్కో అనే అల్యూమినియం సంస్థ రిఫైనరీలో దాన్నుంచి అల్యూమినా తీస్తారు, అది అల్యూమినియం, ఆక్సిజన్‌ల సమ్మేళనం. ఆ తెల్లపొడిని అంగుల్‌కి తీసుకెళ్లి విద్యుత్తుతో విడగొడితే అల్యూమినియం వస్తుంది, అది మూలకం. గట్టిదనం కోసం దానికి ఇంకో లోహం కలిపి ప్రెషర్ కుక్కర్ చేశారా, మళ్లీ మిశ్రమం.

మూలకం అని తేలాక లోహమా, అలోహమా, అర్ధలోహమా అన్నది చిన్న పని. మెరుపు, సాగే గుణం, విద్యుత్తు ప్రవహించడం చూడండి. గ్రాఫైట్ అలోహమైనా విద్యుత్తును పోనిస్తుంది, అది ఒక్కటీ గుర్తుంచుకోండి.

తరచూ జారిపడే చోట్లు

ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులున్నాయి కదా, సమ్మేళనం కాదా? కాదు. రెండూ ఒకే రకానివి. సమ్మేళనం కావాలంటే కనీసం రెండు రకాల పరమాణువులు ఉండాలి.

పెన్సిల్ ‘లెడ్’లో సీసం లేదు. గ్రాఫైట్, బంకమట్టి కలిపి కాల్చినది, కాబట్టి మిశ్రమం. వంటగ్యాస్ ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. లీకైతే తెలియడానికి ఘాటు వాసన ఉన్న పదార్థం కూడా కలుపుతారు. కర్పూరం, వంటసోడా సమ్మేళనాలు. కర్పూరం వెలిగించకుండా వదిలేసినా తరిగిపోతుంది, కానీ ఆవిరైనదీ కర్పూరమే. పసుపులో తడిసున్నం కలిపితే ఎర్రబడడం రసాయన మార్పే, అయినా గిన్నెలో ఉన్న ఎర్రటి ముద్ద మిశ్రమమే, ఎందుకంటే పసుపే మొదటి నుంచీ మిశ్రమం.

ఆ అమ్మాయి వారం తర్వాత పట్టిక తిరగరాసుకొచ్చింది. ఉప్పుకి రెండు వరుసలు పెట్టింది. గళ్లుప్పు, మిశ్రమం. దాని కింద ‘గళ్లుప్పు నుంచి నేను తీసిన ఉప్పు, జౌగికం’. చిన్న పొట్లంలో నమూనా కూడా తెచ్చింది, తెల్లగా మల్లెపువ్వులా ఉంది.

“పళ్లెంలో చివర మిగిలిన నాలుగు చుక్కలూ ఏం చేశావు?”

“వేడి పెనం మీద పెట్టి ఆరబెట్టేశాను మాస్టారూ.”

పొట్లం విప్పి వేలితో తాకి చూశాను. ఇంకా చెమ్మగానే ఉంది. రెండో వరుసకీ సున్నా చుట్టాను.